విత్తనాల బాన మీద తోలు

రెల్లులంకలో తారకయ్య గారి దగ్గర చదువుకున్న వాళ్లందరికీ ఒక బాధ ఉండేది. ఆయన్ని ఏం అడిగినా "చూద్దాం నాయనా" అనేవారు. ఆత్మ ఉందా లేదా అని అడిగినా అదే మాట, పప్పులోకి గోంగూర కోయమంటారా తోటకూర కోయమంటారా అని అడిగినా అదే మాట. కొత్తగా చేరినవాళ్లు అది తప్పించుకునే తెలివి అనుకునేవారు. పాతవాళ్లు అది జ్ఞానం అనుకునేవారు. నన్నడిగితే రెండూ కొంచెం కొంచెం ఉన్నాయి. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆయన చూద్దామన్నారంటే నిజంగానే చూసేవారు. ఆ చూపు పూర్తయ్యేసరికి అడిగినవాడికి ముచ్చెమటలు పట్టేవి, అంతే.

యజ్ఞన్న ఆశ్రమంలో పెద్ద శిష్యుడు. మంచివాడు. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే కాసేపట్లో అతని మీద మీకు ఒళ్లు మండుతుంది. మడి అతనికి ప్రాణం. ఏట్లో మునిగి తడిబట్టతో వస్తూ దారిలో ఏ ఎండుటాకో కాలికి తగిలితే మళ్లీ వెనక్కి వెళ్లి మునిగి వచ్చేవాడు. ఆశ్రమంలో వంట ఆలస్యమైన రోజున తక్కిన శిష్యులు, దారిలో ఆకు తగిలినట్టుంది అని నవ్వుకునేవారు. అతను ఒక ఉదయం పూజ ముగిశాక గురువుగారి ఎదుట చేతులు కట్టుకుని నిలబడి, "గురువుగారూ, శుచి అంటే ఏమిటి? అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది?" అని అడిగాడు. ప్రశ్న గురువుగారికే గాని, చూపు మాత్రం పూజగదికి ఆనుకుని ఉన్న కొట్టుగది మీద ఉంది.

ఆ కొట్టుగది గురించి చెప్పాలి. రెల్లులంక గోదావరి నడుమ ఉంటుంది. ఏటా వరద వస్తుంది, పొలాల మీదుగా పోతుంది, పోతూ పోతూ ఒండ్రు వేసి పోతుంది. ఆ ఒండ్రు తడిగా ఉన్నప్పుడే జొన్న విత్తుకోవాలి. తడి ఆరి నేల నెర్రెలిచ్చిందంటే ఆ ఏటికి పంట లేనట్టే. వరద లంకవాళ్ల ఇళ్లలోకి వస్తుంది గాని ఆశ్రమం ఉన్న దిబ్బ మీదికి ఎక్కదు. అందుకని వేసవిలోనే ఎవరి విత్తనాల బాన వాళ్లు మోసుకొచ్చి ఆశ్రమం కొట్టుగదిలో పెట్టుకునేవారు. తారకయ్య గారి గురువుగారి నాటి నుంచీ వస్తున్న ఆనవాయితీ అది. బానలు లంకలోనే చేత్తో చేసి కాల్చినవి, పొట్ట లావు, మూతి చిన్న. అడుగున బూడిద, నడుమ జొన్నలు, పైన ఎండిన వేపాకు. మూతికి మేకతోలు. తోలును నీళ్లలో నానబెట్టి, మూతి మీద సాగలాగి, నారతాడుతో బిగించి, తాడు కనపడకుండా పేడా బంకమన్నూ కలిపి మెత్తేవారు. తోలు ఆరేకొద్దీ బిగుసుకునేది. వాన రోజుల్లో లంకవాళ్లు అప్పుడప్పుడూ వచ్చి ఆ తోలు మీద వేలితో కొట్టి చూసుకునేవారు. డప్పులా మోగిందంటే లోపల గింజ పొడిగా ఉన్నట్టు, వాళ్లు నిశ్చింతగా ఇంటికి పోయేవారు. ఇక విత్తే రోజు వచ్చాక ఆ తోలును కత్తితో చుట్టూ కోసి తీయడమే. దాన్ని విప్పడమంటూ లేదు. నానబెట్టి విప్పుదామంటే లోపల గింజ తడుస్తుంది.

ఈ తోళ్లే యజ్ఞన్నకు కంట్లో నలుసులయ్యాయి. గోడకు ఇవతల దేవుడి నైవేద్యం, గోడకు అవతల చచ్చిన మేకల చర్మాలు. వాసన వస్తోందని అతను ముక్కు మూసుకునేవాడు. పేడ వాసన, వేపాకు వాసన తప్ప అక్కడ ఇంకే వాసనా ఉండేది కాదని మిగతావాళ్లు చెప్పారు. ఒక మనిషి మనసులో పుట్టిన వాసనను ఎవరు మాత్రం పోగొట్టగలరు?

"చూద్దాం నాయనా" అన్నారు తారకయ్య గారు. అని, ఆ మధ్యాహ్నమే కర్రా జోలే పుచ్చుకుని పడవ ఎక్కి అవతలి ఒడ్డు ఊళ్ల మీదికి వెళ్లిపోయారు. వేసవిలో అలా తిరగడం ఆయనకు అలవాటు. మళ్లీ వానలు ముదిరాకే రావడం.

యజ్ఞన్న ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. గురువుగారు వద్దనలేదు. వద్దనలేదంటే ఒప్పుకున్నట్టే. నోటితో చెప్పడం ఇష్టం లేక తనకు వదిలేశారు. ఇలా తీర్మానించుకుని, కొత్త నూలుబట్ట తెప్పించి, ఏట్లో జాడించి, ఎవరూ తాకకుండా ఎత్తున కట్టిన దండెం మీద ఆరేసి, ముక్కలు చేసి పెట్టుకున్నాడు. ఆ తర్వాత బానల మూతుల మీద తోళ్లన్నీ కోసి తీసేసి, ఆ మడిబట్టలతో వాసెన కట్టాడు. చక్కగా కట్టాడు, ఆ మాట అనాలి. అంచుల వెంబడి పసుపు రాశాడు, ఒక్కొక్క మూతి నడుమ కుంకుమ బొట్టు పెట్టాడు. తీసిన తోళ్లను పుల్లతో ఎత్తి గంపలో వేసి ఏట్లో పారబోశాడు. గది పెళ్లివారి విడిదిలా కళకళలాడింది. తక్కిన శిష్యులు గుమ్మంలో నిలబడి చూసి బాగుంది బాగుంది అన్నారు. ఇంతమంది గడ్డాలు మీసాలు వచ్చిన మగవాళ్లు ఒకచోట చేరి, గుడ్డకు చెమ్మ ఆగుతుందా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఆషాఢంలో ముసురు పట్టింది. ఆకాశం విప్పారిందే లేదు. బట్టలు ఆరవు, కట్టెలు మండవు, గోడలు చెమరుస్తాయి. లంకవాళ్లు వరదకు ముందే మేకల్ని పడవల్లో అవతలి గట్టుకు తోలేశారు. ఆ పనంతా అయ్యాక అచ్చియ్యమ్మ తన బాన చూసుకోవడానికి దిబ్బ ఎక్కి వచ్చింది. అచ్చియ్యమ్మ లంకలో నడివయసు రైతు మనిషి. ఆమె పెనిమిటి తాటిచెట్టు మీంచి పడి నడుం విరిగి మంచాన ఉన్నాడు. దున్నకం, విత్తడం, కోత, మోత అన్నీ ఆమెవే. ఆ ఏడు పంట తీయకపోతే లంక వదిలి కూలికి పోవాలి. కూలికి పోవాలంటే మంచంలోని మనిషిని ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. అలవాటు కొద్దీ ఆమె కొట్టుగదిలోకి వచ్చి గుమ్మం పక్కనున్న బాన మూతి మీద వేలితో కొట్టింది. మోగలేదు. వేలు మెత్తగా లోపలికి దిగింది.

"ఇదేటండీ?" అంది తెల్లబోయి. "తోలు ఏదండీ?"

"తీసేశామమ్మా. ఇది మడిబట్ట" అన్నాడు యజ్ఞన్న. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉందని చెప్పుకున్నారు.

ఆమె బాన మీదికి వంగింది. ఆ గుడ్డను రెండు చేతులా పట్టుకుని చింపేసింది. గుప్పుమని ముక్కిన వాసన గదంతా నిండింది. లోపల జొన్నలు బూజు కట్టి ఉండలు ఉండలుగా అంటుకుపోయి ఉన్నాయి. పైనున్నవి మొలకలు వేసి, వెలుతురు లేక ఆ మొలకలు పాలిపోయి, గుడ్డను పైకి లేపుతూ మూతి దాకా పాకాయి. ఆమె మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసి చటుక్కున వెనక్కి తీసుకుంది. లోపల పొయ్యి మీద గంజిలా కాగిపోతోంది. "సచ్చిపోయిందండి" అంది. అని, పక్క బాన చింపింది, దాని పక్కది చింపింది. అన్నీ అంతే. యజ్ఞన్న గోడ దాకా వెనక్కి జరిగాడు. ఆ గదిలో ఉన్నది లంక మొత్తానికి రాబోయే ఏటి తిండి అని అతనికి తెలియక కాదు. తెలుసు. తెలిసి ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

అచ్చియ్యమ్మ బాన అన్నిటికంటే లోపల, వంటింటి గోడకు ఆనుకుని మూలన ఉంది. పొయ్యి వేడి గోడకు తగులుతూ ఉండటం వల్ల కాబోలు, దానిలో పైపొర మాత్రమే పాడైంది. కింద గింజ ఇంకా గింజలాగే ఉంది. ఆమె పిడికిలి నిండా తీసి, పళ్లకింద ఒకటి కొరికి చూసి, అక్కడే చతికిలబడింది. "ఇదొక్కటే మిగిలిందండి. ఇయ్యాలో రేపో ఇదీ పోద్ది" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది అనుకున్నాడట యజ్ఞన్న.

సరిగ్గా ఆ పూటే తారకయ్య గారు పడవ దిగారు. ఏరు అప్పటికే ఎరుపెక్కి సుడులు తిరుగుతోంది. ఆయన్ని దించిన పడవవాడు, ఇక నీరు తీసేదాకా తన పడవ కదలదని చెప్పి దాన్ని గట్టు మీదికి లాగి చెట్టుకు కట్టేశాడు. గురువుగారు కొట్టుగదిలోకి వచ్చి, చిరిగిన గుడ్డల్ని, వాటి మీద పసుపుని, మూలన కూర్చున్న మనిషిని చూశారు. యజ్ఞన్న గోడకు అంటుకుపోయి నిలబడి, "మీరు వద్దనలేదు గురువుగారూ" అన్నాడు. ఆయన జోలె దించి గుమ్మం పక్కన పెట్టారు. నాకైతే కోపం వచ్చింది, ఆయన మీదే. ఒక్క మాట అనేసి వెళ్లి ఉంటే ఇదంతా లేకపోను గదా? ఈ కథ నాకు చెప్పినవారిని ఆ మాటే అడిగాను. వారు నవ్వి ఊరుకున్నారు.

ఆయన చేసిన మొదటి పని అందర్నీ కేకేసి చాపలు పరిపించడం. అదృష్టం కొద్దీ ముసురు ఒక పూట తెరిపిచ్చింది. ఎండ కాసినంతసేపూ అచ్చియ్యమ్మ బానలోని మంచి గింజను దిబ్బ మీద ఆరబోసి, కాళ్లతో కలియదున్ని, మళ్లీ బానకు ఎత్తారు. మిగతా లంకవాళ్లు కూడా వచ్చారు. తమ బానలు చూసుకుని నోళ్లు కొట్టుకున్నారు. అచ్చియ్యమ్మ వాళ్ల వంక చూసి, "ఉన్నదే గుప్పెడు గుప్పెడు పంచుకుందాం రండి" అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో నేను ఊహించగలను. అప్పటికి అందరి బతుకూ ఆ ఒక్క బానలోకి వచ్చి చేరింది. పడమట మళ్లీ మబ్బు కమ్ముతోంది. బాన మూతికి కట్టడానికి తోలు మాత్రం లేదు. ఉన్న తోళ్లు ఏట్లో పోయాయి. మేకలు అవతలి గట్టున ఉన్నాయి.

తారకయ్య గారు లోపలికి వెళ్లి తన ఆసనం తెచ్చారు. అది జింకచర్మం. ఆయన గురువుగారు కన్నుమూసేముందు ఆయన చేతికిచ్చింది. దాని మీద ఆయన తప్ప ఎవరూ కూర్చోరు. దాన్ని రోజూ దులిపి, దర్భలతో తుడిచి, మడతపెట్టి ఎత్తిపెట్టే పని యజ్ఞన్నది. ఆ పని చేస్తున్నన్ని ఏళ్లూ అది కూడా తోలేనని అతనికి ఒక్కసారీ తోచలేదు. గురువుగారు దాన్ని నీళ్ల గాబులో ముంచి నానబెట్టారు. నానాక పీట మీద పరిచి కత్తి తీసుకున్నారు.

యజ్ఞన్న వచ్చి దాని మీద బోర్లా పడ్డాడు. "గురువుగారూ, చేసిన పాపానికి నన్ను ఏమన్నా అనండి. ఏట్లో దూకమనండి. ఇది మాత్రం కొయ్యకండి. ఇది మీ గురువుగారిచ్చింది!"

అచ్చియ్యమ్మ అంతకంటే హడలిపోయింది. "వద్దండి సామీ! మీరు కూకునే ఆసనం నా బాన మూతికాండీ? నా కొంపకి అరిష్టం అండి. గింజలు పోతే పోయాయి, అడుక్కు తింటాం గానీ ఇంత పాపం నాకొద్దండి" అంటూ చెవులు మూసుకుంది.

చుట్టూ ఉన్నవాళ్లు కొయ్యబారిపోయారు. ఎవరో ముసలాయన మొహం పక్కకు తిప్పేసుకున్నాడు. తారకయ్య గారు యజ్ఞన్న భుజం పట్టి మెల్లిగా పక్కకు జరిపి, "మేకలన్నీ అవతల ఉన్నాయి నాయనా" అన్నారు. అని, చర్రున కోశారు. ఆ చప్పుడు విన్నప్పుడు తన ఒంటి చర్మమే చీల్చినట్టయిందని యజ్ఞన్న తర్వాత చాలామందితో చెప్పుకున్నాడు. గురువుగారు ఆ ముక్కను బొచ్చు పైకి వచ్చేలా మూతి మీద పరిచి, సాగలాగి, నారతాడు బిగించి, తన చేత్తోనే పేడమన్ను మెత్తారు. మిగిలిన ముక్కలు పాతబడి చినిగి ఉన్నవి, ఎందుకూ పనికి రానివి. ఆ రోజు నుంచి ఆయన ఉత్త నేల మీద కూర్చున్నారు.

తోలు ఆరింది. వేలితో కొడితే మోగింది. ఆ పైన వరద వచ్చింది, లంకంతా మునిగింది, జనం దిబ్బ మీదికి చేరి గంజి కాచుకుని రోజులు వెళ్లబుచ్చారు. భాద్రపదం ముగిసే వేళకు నీరు తీయడం మొదలుపెట్టింది. పడవ తిరగగానే తారకయ్య గారు మళ్లీ జోలె భుజాన వేసుకున్నారు. ఒక్క బాన లంకంతటికీ చాలదు, మెట్ట ఊళ్లకు వెళ్లి నాలుగిళ్లు అడిగి విత్తనం తేవాలని ఆయన ఆలోచన. ఈసారి పడవ ఎక్కేముందు యజ్ఞన్నను పిలిచి, అందరికీ వినపడేలా చెప్పారు. "నేను వచ్చేదాకా ఆగకండి. ఒండ్రు తేలగానే ఆ తోలు కోసి గింజ పంచండి." చూద్దామనలేదు. ఇంత తిన్నగా ఆయన ఎవరికీ ఏదీ చెప్పగా అంతకుముందు విన్నవాళ్లు లేరు.

ఇక్కడ నాకు చెయ్యి ఆగుతోంది. యజ్ఞన్న ఆ మాట విన్నాడు. విని, ఆ సాయంత్రం కొట్టుగదిలోకి వెళ్లి బాన ముందు నిలబడ్డాడు. మూతి మీద గురువుగారి ఆసనం. దాని మీద ఎన్నేళ్ల జపమో, ఎంత తపస్సో. తన వల్ల అది ముక్కలైంది. అతనికి ఏడుపు ఆగలేదు. దీపం తెచ్చి పెట్టాడు. మరునాడు పువ్వులు పెట్టాడు. ఆ తర్వాత కుంకుమ, పసుపు, ధూపం. గురువుగారు కొయ్యమన్నారు నిజమే, కాని మహాత్ములు తమ గొప్ప తాము చెప్పుకోరు గదా, అలా అనడం ఆయన వినయం. శిష్యుడికి ఎంత భక్తి ఉందో చూడటానికే అలా అన్నారు. ఇది పరీక్ష. అవునండీ, పరీక్ష అనుకున్నాడు! గురువు పెదవి విప్పకపోతే ఒప్పుకున్నట్టు, విప్పి చెబితే పరీక్షిస్తున్నట్టు. ఇలాంటి శిష్యుడు దొరికితే ఏ గురువైనా ఏం చెయ్యాలో నాకు తెలియదు.

పూజ అన్నాక జనం చేరకుండా ఉంటారా? ఎవరి బిడ్డకో జ్వరం తగ్గింది, బాన మీది కుంకుమ పెట్టినందుకే అన్నారు. ఎవరి ఆవో ఈనింది, అదీ బాన చలవే. పడవలు తిరుగుతున్నాయి కనుక అవతలి ఒడ్డు నుంచి కూడా వచ్చి కొబ్బరికాయలు కొట్టారు. బాన చుట్టూ తిరగడానికి వీలుగా దాన్ని గది నడుమకు జరిపి, ఖాళీ బానలన్నీ బయట పడేశారు. గోడకు సున్నం వేశారు. శుచిని గురించి అడిగిన మనిషి ఆ తోలుకు రోజూ మడితో అభిషేకం చేద్దామనుకుని, లోపల గింజలున్న సంగతి గుర్తొచ్చి ఆగాడు. ఆ ఒక్క క్షణమే గింజలు గుర్తొచ్చాయి.

ఒండ్రు తేలింది. నల్లగా, వెన్నలా, కాలు పెడితే చీలమండ దాకా దిగేలా తేలింది. అచ్చియ్యమ్మ కత్తి, బుట్ట తీసుకుని దిబ్బ ఎక్కింది. గది నిండా జనం. హారతి ఇస్తున్నారు. ఆమె గుమ్మంలో నిలబడి, "అయ్యా, ఇత్తే ఏళ తప్పిపోతందండి. గింజలు తీత్తారా?" అంది.

ఆమె చేతిలో కత్తి చూసి జనం గొల్లుమన్నారు. ఎవరా జనం? ఆ బానలో వాటా ఉన్నవాళ్లే. తమ బానలు పోగొట్టుకుని గుండెలు బాదుకున్నవాళ్లే. సామి ఆసనానికి కత్తి పెడతావా, లంక కొట్టుకుపోదూ, సామి వచ్చి ఆయన చేత్తో తీస్తే తీయాలి గాని అన్నారు. వీళ్లకేమైంది అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. వాళ్ల భయం అబద్ధం కాదు, అది మాత్రం నాకు తెలుసు. యజ్ఞన్న బానకు అడ్డంగా నిలబడ్డాడు. "అమ్మా, గురువుగారు వచ్చేస్తారు. కాస్త ఓపిక పట్టు." అచ్చియ్యమ్మ అతన్ని తోసుకుని బాన దగ్గరికి వచ్చింది. కత్తి ఎత్తింది. మూతి మీద అంగుళం మందాన కుంకుమ, దాని కింద జింక మచ్చలు. ఆమె చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. "నా వల్ల కాదండి" అని కత్తి దించేసి, తనే భయపడి లెంపలు వేసుకుని, బుట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె రోజూ పొద్దున్నే పొలానికి వెళ్లి ఒండ్రులో బొటనవేలు గుచ్చి చూసుకునేది. చూసుకుని దిబ్బ ఎక్కి, గుమ్మంలో కాసేపు నిలబడి తిరిగి వెళ్లేది. మొదట వేలు మొత్తం దిగింది. తర్వాత గోరు దాకా. తర్వాత పైన తెల్లటి పెచ్చు కట్టడం మొదలైంది. ఇంటికి వెళితే మంచంలోంచి పెనిమిటి, "జొన్న ఇత్తేవా?" అని అడిగేవాడు. ఆమె మొహం తిప్పుకుని పొయ్యి రాజేసేది.

తారకయ్య గారు ఒక మిట్టమధ్యాహ్నం పడవ దిగారు. జోలెలో కొద్దిగా విత్తనం ఉంది, అదీ నాలుగు రకాలు కలిసింది. దిబ్బ మీద గంటలు మోగుతుంటే ఆగి, "ఏం పండగ?" అని పడవవాణ్ణి అడిగారు. వాడు సంతోషంగా అంతా చెప్పాడు. ఆయన దారి వదిలి పొలాల్లోంచి నడిచారు. ఒండ్రు మీద ఒక్క నాగలి చాలు లేదు. ఒక్క మొక్క లేదు. ఆయన పాదం పెడితే పెచ్చు పటుక్కున విరిగింది. దిబ్బ ఎక్కేసరికి ఆయన మొహం చూసి ముందున్నవాళ్లు దారి ఇచ్చారు. వెనకున్నవాళ్లు మొహం చూడలేదు కనుక జేజేలు పలికారు. యజ్ఞన్న హారతి పళ్లెం పట్టుకుని ఎదురొచ్చి, "గురువుగారూ, కాపాడాను" అన్నాడు. ఆ మాట నిజంగా అతని గుండెలోంచే వచ్చింది.

గురువుగారు పళ్లెం పక్కకు తప్పించుకుని బాన దగ్గరికి వెళ్లారు. మూతి మీద పువ్వుల్ని చేత్తో తోసేసి వేలితో కొట్టారు. మోగింది. "అచ్చియ్యమ్మా, కత్తేదమ్మా?" అన్నారు. పడవ వచ్చిందని విని పరుగెత్తుకొచ్చిన ఆమె, గుంపు వెనక నుంచి ముందుకు వచ్చి బుట్టలోని కత్తి తీసి ఇచ్చింది. యజ్ఞన్నకు అప్పుడు అర్థమైంది. ఆయన మణికట్టు పట్టుకున్నాడు. ఇంతవరకు అతను గురువుగారిని పాదాల దగ్గర తప్ప ఎక్కడా తాకలేదు. ఆయన అతని చేతి వంక చూశారు. ఆ చెయ్యి దానంతట అదే జారిపోయింది.

కత్తి కుంకుమలో దిగింది. చుట్టూ తిరిగింది. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. ఎవరో బిడ్డల కళ్లు మూశారు. కొబ్బరికాయలు తెచ్చిన అవతలి ఊరి పెద్దమనిషి ఒకాయన రెండు చేతులా తల పట్టుకుని బయటికి పరుగెత్తాడు. లంక మునుగుతుందని, ఏరు మళ్లీ తిరిగి వస్తుందని అరిచినవాళ్లు అరిచారు. ఏరు రాలేదు. పేడమన్ను పెచ్చులుగా ఊడిపడింది. తోలు చేతిలోకి వచ్చింది. వేపాకు తీస్తే కింద జొన్నలు పసుపుపచ్చగా, పొడిగా, ఏ రోజు పోసినవి ఆ రోజులాగే ఉన్నాయి. వాటిని చూశాక అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

తారకయ్య గారు ఆ తోలుకు బొచ్చు వైపున నీళ్లు చల్లి మెత్తబరిచి తిరగేశారు. కుంకుమ అంటిన బొచ్చు వైపు కిందికి వచ్చింది. అంచులు దగ్గరికి లాగి, తాడు దూర్చి, సంచిలా చేసి, దోసిళ్లతో జొన్నలు పోశారు. పోసి అచ్చియ్యమ్మ నడుముకు తనే కట్టారు. సాముల ఆసనం తన నడుముకు తగిలేసరికి ఆమె కట్టెలా బిగుసుకుపోయింది. బరువు తెలిశాక బావురుమంది. బానలు చచ్చిన రోజున రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. ఏడుస్తూనే గింజలు ఒలకకుండా రెండు చేతులా సంచి పట్టుకుని గుమ్మం దాటింది. దాటాక నడక కాదు, పరుగు. ఆమె పరుగు చూసి మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి బాన ముందు కొంగులు పట్టారు. మగవాళ్లు ఇంకా ఏరు వంక చూస్తూనే ఉన్నారు.

గది ఖాళీ అయింది. యజ్ఞన్న హారతి పళ్లెంతో అక్కడే నిలబడి ఉన్నాడు. కర్పూరం ఎప్పుడో ఆరిపోయింది. మొదట పారేసినదీ తోలే, తర్వాత మొక్కినదీ తోలే. ఇప్పుడు అది ఒక రైతు మనిషి నడుమున వేలాడుతూ పొలానికి పోయింది. అతనికి లోకం తలకిందులైంది. "గురువుగారూ, ఇప్పుడన్నా చెప్పండి. అది శుచా, అశుచా? నేను ఏం చేసి ఉండాల్సింది?" అన్నాడు.

తారకయ్య గారు బానలోకి వంగి అడుగున మిగిలిన గింజల్ని దోసిలిలోకి ఎత్తారు. వాటిని తెచ్చి హారతి పళ్లెంలో పోశారు.

"ఒండ్రు ఆరిపోతోంది నాయనా" అన్నారు.